రెండో కన్ను తీసేశాక మొదలైన నిద్రలేమి: ఒక కేస్ స్టడీ

(రోగి అనుమతితో రాస్తున్నాను. ఆయన్ని గుర్తుపట్టే వీలున్న వివరాలు కొన్ని మార్చాను.)

వయసు 38. బ్యాంకు ఉద్యోగి. రెండు కళ్లూ లేవు, కృత్రిమ కళ్లు పెట్టుకుంటారు. తల్లినీ భార్యనూ వెంటబెట్టుకుని వచ్చారు. ఆయన చెప్పింది చెప్పినట్టే రాసుకున్నాను:

"కొన్నాళ్లు పడుకోగానే నిద్ర పట్టేస్తుంది సార్. కొన్నాళ్లు రాత్రంతా జాగారమే. బ్యాంకులో కుర్చీలో కూర్చుంటే తల వాలిపోతుంది. మళ్లీ ఏమీ చేయకుండానే దానంతటదే బాగైపోతుంది."

ఆ ఆఖరి వాక్యంలోనే రోగం ఉంది. నిద్ర పట్టడం లేదని వచ్చినవాళ్లు పట్టని రాత్రుల గురించే చెబుతారు, మేమూ వాటి గురించే అడుగుతాం. బాగా పట్టిన రోజులు ఎప్పుడొచ్చాయి, ఎన్నాళ్లున్నాయి అని అడిగేవాళ్లు తక్కువ. ఆయన వెంట తెచ్చిన ఫైలు లావుగానే ఉంది. నిద్ర మత్తుకు క్లోనాజెపామ్ ఉంది, డిప్రెషన్‌కి ఎస్సిటలోప్రామ్ ఉంది, "అవసరమైతే వేసుకోండి" అని 10 మిల్లీగ్రాముల మెలటోనిన్ (రాత్రయిందని ఒంటికి చెప్పే హార్మోన్) కూడా ఉంది. ఒక్కో మందూ మొదట్లో అద్భుతంగా పనిచేసిందట, మూడు నాలుగు వారాలకు పనిచేయడం మానేసిందట. నిజానికి వాటిలో కొన్ని మంచి రోజులు మొదలయ్యే ముందు రాసినవి. పేరు మందుకొచ్చింది.

తల్లి దగ్గర వేరే లెక్క ఉంది. "అమావాస్య ముందు ఎక్కువవుతుందయ్యా. నేను కనిపెట్టాను" అన్నారు. తాయెత్తు కట్టించారు, దర్గాకీ తీసుకెళ్లారు. ఇలాంటి మాటను కొట్టిపారేయకూడదని నా అభిప్రాయం. అమావాస్య సంగతి ఎలా ఉన్నా, ఇది తిరిగి తిరిగి వచ్చే జబ్బని మా అందరికంటే ముందు పసిగట్టింది ఆవిడే.

భార్యకూ చూపు లేదు. చిన్నప్పుడు రేచీకటితో మొదలై, ఏడాదికి కాస్త చొప్పున చూపు కుంచించుకుపోయే రెటినైటిస్ పిగ్మెంటోసా. ముప్పై దాటేసరికి పూర్తిగా పోయింది. ఆవిడ మాత్రం పదిన్నరకు పడుకుని ఐదున్నరకు లేస్తారు, అలారం కూడా అక్కర్లేదు. అందుకే ఇంట్లోనూ ఆఫీసులోనూ అందరిదీ ఒకే మాట: "ఆవిడకీ కళ్లు లేవు, హాయిగా పడుకోవడం లేదా? ఈయనది ఉత్త టెన్షన్." ఒక ఆస్పత్రిలో డాక్టరు కూడా ఇదే అన్నారట.

ఆ పోలికే నాకు దారి చూపించింది. ఇద్దరికీ చూపు లేని మాట నిజమే కానీ ఇద్దరి కళ్లలో పోయినవి వేరు.

ఆయన చూపు పోయింది 24 ఏళ్లప్పుడు, ప్రకాశం జిల్లా వైపు ఒక గ్రానైట్ క్వారీలో పేలుడు జరిగి. కుడి కనుగుడ్డు చితికిపోవడంతో అప్పుడే తీసేశారు. ఎడమ కన్ను మిగిలింది గానీ అందులో చూపు లేదు, టార్చి వేసినా వెలుగు తెలిసేది కాదు. ఆ ఒక్క కన్నుతో ఐదేళ్లున్నారు. బ్రెయిలీ, స్క్రీన్ రీడర్ నేర్చుకున్నదీ, బ్యాంకు పరీక్ష రాసి ఉద్యోగం తెచ్చుకున్నదీ, పెళ్లయిందీ ఆ ఐదేళ్లలోనే. ఆ రోజుల్లో నిద్ర ఎలా ఉండేదని అడిగితే "బానే ఉండేది సార్, దాని గురించి ఆలోచించిందే లేదు" అన్నారు. తర్వాత ఆ కంట్లో ప్రెషర్ పెరిగి భరించలేని నొప్పి పట్టుకుంది. చుక్కల మందుకు లొంగలేదు. చూపెలాగూ లేదు కదా అని 29వ ఏట దాన్నీ తీసేశారు. నొప్పి పోయింది. కొన్ని నెలలకు నిద్ర గోల మొదలైంది. "ఉన్న ఒక్క కన్నూ తీసేశారన్న దిగులు" అని అందరూ సర్దుకున్నారు. తొమ్మిదేళ్లు అలాగే గడిచాయి.

మామూలుగా చూడాల్సినవన్నీ చూశాను. గురక లేదు, మెడ లావు కాదు, థైరాయిడ్ సరిగ్గా ఉంది, హిమోగ్లోబిన్ బాగుంది. చెడ్డ రోజుల్లో మనసు దిగులుగా ఉంటుంది గానీ మంచి రోజుల్లో ఆ ఛాయ కూడా కనిపించదు. చెడ్డ రోజుల్లో టీ బాగా తాగుతారు. అంతకంటే పనికొచ్చిన మాట తిండి గురించి అడిగినప్పుడు దొరికింది. "ఆ రోజుల్లో మధ్యాహ్నం డబ్బా విప్పితే ముద్ద దిగదు సార్. రాత్రి రెండింటికి మాత్రం కడుపు కాలిపోతూ ఉంటుంది. లేచి పెరుగన్నం కలుపుకుంటా." నిద్ర ఒక్కటే కాదు, ఆకలి కూడా వేళ మారుతోంది. టెన్షన్ వల్ల ఆకలి చచ్చిపోవచ్చు, కానీ అర్ధరాత్రికి మారదు.

ఇక కావాల్సింది నిద్ర డైరీ. చూపులేని మనిషి కాగితం మీద గడులెలా నింపుతారు? దానికి ఆయనే ఉపాయం చెప్పారు: పడుకునే ముందు ఒకటి, లేవగానే ఒకటి వాట్సాప్ వాయిస్ మెసేజ్. పగలు కునుకు తీసినా సరే ఒక మెసేజ్. టైమ్ ఫోనే వేస్తుంది కాబట్టి "సుమారు పదకొండు అనుకుంటా" లాంటి జవాబులతో పని లేదు. నిజం చెప్పాలంటే చూపున్న రోగులు నింపి తెచ్చే డైరీల కన్నా ఇదే నమ్మకంగా వచ్చింది. డైరీల్లో సగం నా గదిలోకి వచ్చే ముందు వరండాలో కూర్చుని నింపినవే. నిద్ర వేళ జారిపోయే జబ్బుకు రెండు వారాల డైరీ కనీసం ఉండాలంటారు. చూపు లేనివారిలో రెండు వారాలు చాలవు, నిద్ర వేళ జారి జారి మళ్లీ మొదటికొచ్చే చుట్టు పూర్తిగా కనిపించదు. పది వారాలు పంపమన్నాను.

పది వారాలయ్యాక గ్రాఫ్ కాగితం తీసుకుని ఒక్కో రోజుకు ఒక వరుస చొప్పున, నిద్రపోయిన గంటలను పెన్సిల్‌తో నింపుకుంటూ వచ్చాను. చూపున్న మనిషికైతే ఆ నల్ల పట్టీ కాగితం మీద నిట్టనిలువుగా దిగుతుంది. ఈయనది ఏటవాలుగా కుడి వైపుకి జారింది. ఆఫీసు రోజుల్లో కునుకులు అడ్డొచ్చి కాస్త చెదిరింది గానీ సెలవు రోజుల్లో వాలు స్పష్టంగా ఉంది. ఒక వారం రాత్రి పదిన్నరకు పట్టిన నిద్ర, రెండు వారాలకు తెల్లవారుజామున ఐదింటికి జరిగింది. ఇంకో పది రోజులకు అసలు నిద్ర వేళ సరిగ్గా ఆయన కౌంటర్ దగ్గర కూర్చునే సమయానికి వచ్చి పడింది. తర్వాత మధ్యాహ్నం, సాయంత్రం, మళ్లీ రాత్రి. స్కేలు పెట్టి వాలు కొలిస్తే రోజుకు అరగంట. అంటే ఆయన లోపలి రోజు నిడివి దాదాపు 24 గంటల 30 నిమిషాలు. పూర్తి చుట్టుకు 48 రోజులు. గీత మరీ తిన్నగా లేదు, నిద్ర రాత్రి పూట పడే వారాల్లో జారడం కొంచెం నెమ్మదించింది. భోజనం, ఇంటి సందడి, పని వేళలు కూడా గడియారాన్ని కాస్త లాగుతాయి. కాకపోతే ఆ లాగుడు దాన్ని నిలబెట్టేంత బలమైనది కాదు.

తల్లి లెక్కను పంచాంగం పెట్టి సరిచూశాం. అమావాస్యకూ అమావాస్యకూ మధ్య ఇరవై తొమ్మిదిన్నర రోజులు, ఈయన చుట్టు 48 రోజులు. కలవవు. కానీ మూడు చుట్లంటే 144 రోజులు, ఐదు అమావాస్యలంటే దాదాపు 148. ఒక అమావాస్యకు చెడ్డ రోజులు తగిలితే మరో ఐదో అమావాస్యకు మళ్లీ తగులుతాయి. మధ్యలో తగలనివి గుర్తుండవు. ఆవిడకు ఇది చెబితే నవ్వి, "అయితే నేను సగం డాక్టర్నేగా" అన్నారు.

పేరు చెప్పాలంటే ఇది నాన్-24, ఇరవైనాలుగు గంటలకు కుదరని నిద్ర-మెలకువ లయ. వెలుగు బొత్తిగా తెలియని అంధుల్లో సగానికి పైగా ఇది ఉంటుంది. అయినా అంధుల పాఠశాలల్లో గానీ, పునరావాస శిక్షణలో గానీ ఎవరూ దీని మాట ఎత్తరు.

ఎందుకు జరుగుతుంది? కంటి నరాలు రెండూ ఒకదాన్నొకటి దాటుకునే చోటికి కాస్త పైన, మెదడు అడుగున ఉండే హైపోథాలమస్‌లో రెండు చిన్న నాడీకణాల గుంపులుంటాయి. ఒక్కో వైపు వేల సంఖ్యలో కణాలు. సుప్రాకయాస్మాటిక్ న్యూక్లియస్ అని పేరు, మేం పొట్టిగా ఎస్‌సీఎన్ అంటాం. ఈ కణాల్లో క్లాక్, బీమాల్-1 అనే ప్రొటీన్లు పీరియడ్, క్రిప్టోక్రోమ్ అనే జన్యువులను నడిపిస్తాయి. ఆ జన్యువులు తయారుచేసిన ప్రొటీన్లు పోగుపడి, తమను నడిపించిన వాటినే ఆపేస్తాయి. అవి కరిగిపోయాక కథ మళ్లీ మొదలవుతుంది. ఈ చుట్టుకు పట్టే కాలం ఒక రోజుకు దగ్గరగా ఉంటుంది. ఈ యంత్రాంగంలోని మూల సంగతులు పండ్ల ఈగల్లో బయటపెట్టినందుకే జెఫ్రీ హాల్, మైఖేల్ రాస్‌బాష్, మైఖేల్ యంగ్‌లకు 2017లో నోబెల్ ఇచ్చారు. లయ పుట్టేది ఇక్కడేనని 1990లో మార్టిన్ రాల్ఫ్ బృందం హ్యామ్‌స్టర్లలో (ఎలుకల్లాంటి చిన్న జంతువులు) తేల్చింది. పుట్టుకతోనే 20 గంటల లయ ఉన్న జంతువు నుంచి ఈ కణజాలం తీసి, ఎస్‌సీఎన్ తొలగించిన మరో జంతువులో పెడితే దానికీ 20 గంటల లయే వచ్చింది. లయ దాత నుంచి వచ్చింది.

మనుషుల్లో ఈ చుట్టు సరిగ్గా 24 గంటలు కాదు. హార్వర్డ్‌లో చార్లెస్ సైస్లర్ బృందం 1999లో కొలిచిన సగటు 24 గంటల 11 నిమిషాలు. రోజూ వెనకబడే గోడ గడియారాన్ని రేడియో పెట్టినప్పుడల్లా సరిచేసుకున్నట్టు, పగటి వెలుగు మన లోపలి గడియారాన్ని ప్రతిరోజూ సరిచేస్తుంది. ఆ వెలుగు అందకపోతే చాలామందిది జారిపోతుంది. ఈయనది అరగంట తేడా కాబట్టి వేగంగా జారింది.

ఇక్కడే భార్యాభర్తల తేడా అర్థమవుతుంది. వెలుగు కబురు ఎస్‌సీఎన్‌కి మోసేవి మనం చూడటానికి వాడే రాడ్లు, కోన్లు అనే కణాలు మాత్రమే కావు. కంటి వెనక తెర, అంటే రెటీనా, లోపలి పొరలో మెదడుకు కబురు పంపే గ్యాంగ్లియాన్ కణాలుంటాయి. వాటిలో కొద్ది శాతం మెలనాప్సిన్ అనే వర్ణకంతో నేరుగా వెలుగును పట్టుకుంటాయి, ముఖ్యంగా నీలి కాంతిని. ఇవి ఉన్నాయని 2002లో డేవిడ్ బర్సన్, సామర్ హత్తార్ తదితరులు చూపించారు. రెటినైటిస్ పిగ్మెంటోసాలో చచ్చిపోయేవి రాడ్లు, తర్వాత కోన్లు. మెలనాప్సిన్ కణాలు చాలాకాలం నిలుస్తాయి. భార్యకు ఎండ కనిపించదు, కానీ ఆవిడ మెదడుకు తెల్లారిందని తెలుస్తుంది. 1995లోనే సైస్లర్ బృందం చూపులేని కొందరి కళ్లలో వెలుగు వేస్తే మెలటోనిన్ తగ్గడం గమనించింది. అదే మనుషుల కళ్లకు గంతలు కడితే తగ్గలేదు.

ఈయన ఎడమ కంట్లో కూడా ఆ ఐదేళ్లూ కొన్ని అలాంటి కణాలు బతికే ఉండి ఉంటాయని నా అనుమానం. కన్నే లేదు కాబట్టి నిరూపించే దారి లేదు. కానీ వరుస చూడండి: కన్ను ఉన్నన్నాళ్లూ నిద్ర బాగుంది, తీసేసిన కొన్ని నెలలకే జారుడు మొదలైంది. నొప్పి భరించలేని కన్ను తీయకుండా ఉండలేం, ఆ నిర్ణయాన్ని నేను తప్పు పట్టను. చూపులేని కన్నంటే దేనికీ పనికిరాని కన్ను అనుకోవడం మీదే నా అభ్యంతరం. తీసే ముందు నిద్ర గురించి రెండు ప్రశ్నలు అడిగి ఫైల్లో రాసుకుంటే, తీశాక ఏదైనా జరిగినప్పుడు దిగులని సరిపెట్టుకుని తొమ్మిదేళ్లు పోగొట్టుకోనక్కర్లేదు. వెలుగు తెలియకపోయినా నిద్ర బాగున్నవాళ్లు పగలంతా దట్టమైన నల్ల కళ్లద్దాలతో ఉండకపోవడం కూడా మంచిది.

రోజంతా మేలుకున్నా రాత్రి నిద్ర ఎందుకు రాదని ఆయన అడిగారు. మంచి ప్రశ్న. మెలకువగా ఉన్నకొద్దీ మెదడులో అడినోసిన్ పేరుకుని నిద్ర ఒత్తిడి పెరుగుతుంది. టీ, కాఫీ చేసే పని ఆ అడినోసిన్ కూర్చునే చోటును ఆక్రమించడమే. ఇది ఒక ఏర్పాటు. ఎస్‌సీఎన్ వేరే ఏర్పాటు, అది సాయంత్రం పూట ఆ ఒత్తిడికి ఎదురు నిలిచి మనల్ని మేలుకొలిపి ఉంచుతుంది. ఆ మేలుకొలుపు అన్నిటికన్నా గట్టిగా ఉండేది, రోజూ పడుకునే వేళకు ముందు రెండు మూడు గంటలు. ఈ రెండు ఏర్పాట్ల లెక్కను 1982లో అలెగ్జాండర్ బోర్బెలీ రాసిపెట్టారు. ఈయన లోపలి సాయంత్రం గోడ మీద పదకొండున్నరకు వచ్చిన రోజున ఎంత అలసిపోయినా నిద్ర దగ్గరకు రాదు. లోపలి అర్ధరాత్రి పగలు పన్నెండింటికి వచ్చినప్పుడు పీనియల్ గ్రంథి పట్టపగలే మెలటోనిన్ వదులుతుంది. క్లోనాజెపామ్ మెదడును మత్తులోకి నెడుతుందే గానీ గడియారం ముల్లును కదపదు. దాన్ని నెమ్మదిగా తగ్గించి ఆపేశాం.

మెలటోనిన్ ముల్లును కదుపుతుంది, కాకపోతే ఎటు కదుపుతుందన్నది ఎప్పుడు వేశామన్న దాన్ని బట్టి. లోపలి మధ్యాహ్నం, సాయంత్రం పూట వేస్తే గడియారాన్ని ముందుకు జరుపుతుంది, అంటే నిద్ర త్వరగా వస్తుంది. లోపలి తెల్లవారుజామున వేస్తే వెనక్కి నెడుతుంది, నిద్ర ఆలస్యమవుతుంది. "అవసరమైతే వేసుకోండి" అన్న పాత చీటీ పనిచేయకపోవడానికి కారణం ఇదే. నిద్ర పట్టని రోజుల్లో, నిద్ర పట్టని వేళకు వేసుకున్నారు. డోసు సంగతి కూడా ఉంది. 2000లో అమెరికాలోని ఒరెగాన్‌లో రాబర్ట్ శాక్, ఆల్‌ఫ్రెడ్ లూయీ బృందం ఏడుగురు అంధులకు రోజూ 10 మిల్లీగ్రాములు ఇస్తే ఆరుగురి లయ 24 గంటలకు కుదిరింది. తర్వాత చూస్తే అర మిల్లీగ్రాము కూడా సరిపోయింది. 10కి లొంగని ఒక మనిషి లయ అరకు లొంగింది. పెద్ద డోసు ఒంట్లో చాలాసేపు ఉండి, వెనక్కి నెట్టే వేళలోకి కూడా చొరబడుతుందని వాళ్ల వివరణ. ఇదే పనికి టాసిమెల్టియాన్ అనే మందును అమెరికాలో 2014లో అనుమతించారు. మెలటోనిన్‌తో ప్రయత్నించకుండా దాని జోలికి వెళ్లనవసరం లేదనిపించింది.

మన మందుల షాపులో సులువుగా దొరికేది 3 మిల్లీగ్రాముల మాత్ర. దాన్ని నాలుగు ముక్కలు చేస్తే ఒక్కోటి 0.75, మాకది చాలు. నెమ్మదిగా కరిగే రకం మాత్రను మాత్రం విరగ్గొట్టకూడదు. ఆదివారం కూర్చుని వారానికి సరిపడా ముక్కలు చేసే పని భార్యది. మాత్ర కోసే చిన్న డబ్బాలో పెట్టి నొక్కడం, ముక్క వేలి కొన మీద పెట్టుకుని పరిమాణం సరిచూడటం, మరీ చిన్నది వస్తే పక్కన పడేయడం. నా ముందు చేసి చూపించారు, నాకంటే సమానంగా కోశారు.

డైరీ పూర్తయ్యేసరికి ఆయన చెడ్డ వారాల్లోకి దిగుతున్నారు. మందు వెంటనే మొదలుపెట్టలేదు. "మందుందని చెప్పి ఇవ్వరేంటి సార్" అని విసుక్కున్నారు. ఎప్పుడు మొదలుపెట్టినా, చుట్టు తిరిగి సరైన వేళకు వచ్చినప్పుడు మందు పట్టుకుంటుందని వాదించేవాళ్లున్నారు. కాదనను. కానీ తొమ్మిదేళ్లు మందుల మీద నమ్మకం పెట్టుకుని పోగొట్టుకున్న మనిషికి మొదటి నాలుగు వారాలూ పనిచేయని మందు ఇస్తే ఐదో వారం వేసుకోరు. అందుకే కాగితం మీద గీత పొడిగించి, నిద్ర మళ్లీ రాత్రి పదిన్నర దగ్గరకు వచ్చే వారాన్ని లెక్కగట్టి, ఆ రోజు నుంచి రాత్రి తొమ్మిదింటికి ముక్క వేసుకోమన్నాను. ఆదివారమైనా, పండగైనా, నిద్ర వచ్చినా రాకపోయినా తొమ్మిదే. అప్పటిదాకా సెలవు సర్దుబాటు కోసం బ్యాంకుకు సర్టిఫికెట్ ఇచ్చాను. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో సహేతుకమైన వెసులుబాటు అన్న మాట ఉంది, అదే రాశాను. మేనేజరు పెద్దగా ఒప్పుకోలేదు గానీ మధ్యాహ్నం అరగంట విశ్రాంతికి అభ్యంతరం పెట్టలేదు.

మొదటి వారంలో చెప్పుకోదగ్గది లేదు, ఎందుకంటే అవి ఎలాగూ మంచి రోజులే. పరీక్ష ఆ తర్వాతే. గీత ప్రకారం నిద్ర తెల్లవారుజాముకు జారాల్సిన వారం వచ్చింది. జారలేదు. పగలు పడుకోవాల్సిన వారం కూడా వచ్చి వెళ్లిపోయింది. గ్రాఫ్ కాగితం మీద ఏటవాలు గీత ఒక మలుపు తిరిగి నిలువుగా దిగింది. నిలబడ్డ చోటు మాత్రం మేం కోరుకున్న పదిన్నర కాదు, పదకొండుంపావు. రోజూ అరగంట వెనక్కి లాగే గడియారమూ, అరగంట ముందుకు లాగే మందూ రాజీపడిన వేళ అది. మందును ఎనిమిదిన్నరకు జరిపి చూద్దామంటే ఆయనే వద్దన్నారు.

నాలుగో నెలలో పెళ్లికని ఊరెళ్లి పది రోజులు మందు వేసుకోలేదు. డబ్బా ఇంట్లో మర్చిపోయారు. నిద్ర దాదాపు ఐదు గంటలు ఆలస్యంగా జారింది. తిరిగొచ్చాక మళ్లీ తొమ్మిదింటికే మొదలుపెట్టించాను. ఈసారి ఆగలేదు, ఎందుకంటే అంత జారాక గోడ మీద తొమ్మిదంటే ఆయనకు లోపల సాయంత్రం నాలుగు. మెలటోనిన్ బాగా ముందుకు లాగే వేళ అదే. మూడు వారాల్లోపే నిద్ర మళ్లీ పాత చోటికి వచ్చింది. ఇది జబ్బును తీసేసే మందు కాదని, వేసుకున్నన్నాళ్లే పట్టి ఉంచుతుందని ఆయనకు అప్పుడు నమ్మకం కుదిరింది. ఎన్నాళ్లు వేసుకోవాలని తర్వాత అడగలేదు.

డిప్రెషన్ మందును రాసిన డాక్టరుతో మాట్లాడి క్రమంగా ఆపించాం. మధ్యాహ్నం డబ్బా ఖాళీగా ఇంటికొస్తోందని తల్లి చెప్పారు. తాయెత్తు ఉంది. తీయమని నేను అనలేదు.

ఈ మధ్య ఆయన తన అంధ స్నేహితుల వాట్సాప్ గ్రూపులో ఈ సంగతంతా ఒక వాయిస్ మెసేజ్‌గా పెట్టారట. ఇద్దరు నా దగ్గరకొచ్చారు. ఒకరికి పుట్టుకతోనే కళ్లు ఎదగలేదు. డైరీ నడుస్తోంది, వాలు ఉన్నట్టే ఉంది. ఇంకొకరికి గ్లాకోమా, వెలుగు కొద్దిగా తెలుస్తుంది. నిద్ర వేళ నిలకడగానే ఉంది గానీ గురక పక్కింటికి వినబడేంత. ఆయనకు కావాల్సింది మెలటోనిన్ కాదు, నిద్రలో ఊపిరి ఆగి ఆగి ఆడే స్లీప్ అప్నియా ఉందేమోనని పరీక్ష. వచ్చే వారానికి రాశాను.